తాళ్లల్లకు పోదాం పా!

సాయంత్రం అయిదు దాటిందంటే చాలు, జగిత్యాల చుట్టుపక్కల పల్లెల్లో మగవాళ్లు ఒక్కొక్కరే మాయమవుతారు. ఎక్కడికని అడిగితే ఒకటే మాట... "తాళ్లల్లకు".

చెరువుకట్ట దిగి పొలం గట్ల మీద నడిస్తే తాటివనం. నాలుగు గుంజల మీద కమ్మలు కప్పిన పందిరి, కూర్చోవడానికి రెండు బండలు, వరసగా లొట్లు. బోర్డు లేదు, ధరల పట్టిక లేదు. ఓ పక్క ఉడికించిన గుడాలు అమ్మే అవ్వ ఉంటుంది. ఊరి కబుర్లన్నీ పంచాయతీ ఆఫీసు కంటే ముందు ఇక్కడికే చేరతాయి. పిల్ల సంబంధాలు, గెట్టు తగాదాలు, దుబాయి వీసా సంగతులు... సగం ఇక్కడే తేలిపోతాయి.

"ఏమే గౌడన్నా, ఇయ్యాల ఏ చెట్టుది?"

"కట్టకింది తాడుది. తాగి సూడు, నీకే ఎర్కయితది."

అరవై దాటిన గౌడు లొట్టి వంచుతాడు. ఎదుటివాడు తాటాకు రేక మడిచి నోటికి ఆనించుకుంటాడు. తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద సాక పోస్తాడు. పాతకాపులకు చెట్టు పేరు చెప్పనక్కర్లేదు, రుచే చెబుతుంది. పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అంటూ కాలాన్ని బట్టి చెట్టు మారుతుంది, దాంతోపాటే రుచీ మారుతుంది. ఇంట్లో ముసలమ్మ ఉంటే మనవడి చేతికి చెంబిచ్చి పంపుతుంది. చుట్టం వచ్చినా, ఎల్లమ్మ పండుగొచ్చినా, ఇంట్లో మనిషి పోయినా కల్లు ఉండాల్సిందే. గోదావరి దాటి ఆదిలాబాద్ అడవి పల్లెల్లోకి వెళ్తే ఈ మర్యాద ఇప్పపువ్వు సారాకు దక్కుతుంది.

కల్లుకు ఓ గుణం ఉంది. అది ఆగదు. గెల చివర సన్నగా గీసి లొట్టి కట్టినప్పటినుంచే పులవడం మొదలు. పొద్దున తియ్యన, సాయంత్రానికి ఘాటు, మర్నాటికి పులుపు. అందుకే అది పట్నానికి పోలేదు, మనుషులే దాని దగ్గరికి రావాలి. పందిరి ఊరి పొలిమేర దాటకపోవడానికి కారణం ఇదే. ఊళ్లో ఎన్ని చెట్లో అంతే కల్లు.

ఆ లెక్క తప్పినచోటే తంటా వచ్చింది. చెట్టు ఇచ్చినదానికంటే ఎక్కువ అమ్మాలనుకున్న దుకాణాల్లో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిశాయి. 2015లో అధికారులు కల్తీని కట్టడి చేస్తే, దానికి అలవాటుపడిన జనం వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు ప్రాణాలే తీసింది. చెట్టు దిగిన లొట్టిని కళ్లముందే వంచే పందిరికి ఆ భయం తక్కువ. ఏ చెట్టుదో తెలిసిన కల్లు అది.

కానీ ఎక్కేవాళ్లేరీ? తాటిగింజ పెడితే గీతకు రావడానికి పది పదిహేనేళ్లు. ఎక్కడం నేర్చే కుర్రాడు దొరకడం అంతకంటే కష్టం. మోకు జారితే బతికి దిగినవాళ్లు తక్కువ, బతికినా నడుం పనిచేయదు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షక కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచిపనే. కాకపోతే నలభై ఏళ్లుగా మోకుతో ఎక్కిన మనిషికి కొత్త పట్టీలు ఒంటికి అతకడానికి టైం పడుతుంది మరి!

ఊరి పందిరి మూతపడటం మన ఒక్కచోటి దిగులే కాదు. బ్రిటన్‌లోని వేల్స్‌లో లిత్‌వైన్ అనే చిన్న పల్లెలోనూ జనం కూడే తాగుడు దుకాణం పోయే పరిస్థితి వస్తే, 1988లో ఊరివాళ్లే తలా కొంత వేసుకుని సొంతం చేసుకున్నారు. అక్కడా కబుర్లు, పాటలు, పేచీలే. మన గీత కార్మికుల సహకార సంఘాలదీ దాదాపు అదే పద్ధతి, దుకాణం అందరిదీ. కాకపోతే వాళ్లు నలుగురూ చందా వేస్తే తలుపులు తెరుచుకున్నాయి. ఇక్కడ ఒక్కడైనా చెట్టెక్కాలి.

గౌడు కొడుకు దుబాయిలో ఉంటాడు. చెట్టు నేర్చుకోలేదు, నేర్పమని తండ్రీ పట్టుబట్టలేదు. వాళ్ల తాత చెట్టు మీది నుంచి పడే పోయాడు మరి. ఇక్కడ పొద్దుగూకే వేళకు కొడుకు ఫోన్ చేస్తాడు. పందిట్లో అందరికీ ఆ మోత గుర్తే. రేకలు పట్టుకున్నవాళ్లు మాటలాపేస్తారు.

"బాపూ, చెట్టెక్కినవా?"

"లేదు బిడ్డా. అన్ని పొరగాండ్లే సూసుకుంటున్నరు. నేను కింద కూసున్న."

నడుముకి మోకు అలాగే ఉంది. ముత్తాదులో కత్తి ఇంకా తడారలేదు.

"నువ్వు తిన్నవా మరి?" అంటాడు గౌడు. పక్కవాడు రేక ముందుకు చాపుతాడు. ఫోన్ చెవికి ఆనించుకునే, ఒంటిచేత్తో లొట్టి వంచుతాడు.