పతకం తరువాతి కథ

గమ్హరియాలోని మా నివాసానికి టాటానగర్ వైపు పోయే రైళ్ళ చప్పుడు రాత్రివేళ స్పష్టంగా వినవస్తుంది. గత వేసవిలో వరంగల్ నుండి మా చెల్లెలు తన కుమార్తెతో వచ్చి నెలరోజులు మాతో గడిపింది. పిల్లకు పంతొమ్మిదేళ్ళు. వైద్యుల పత్రం ప్రకారం ఆమెది మేధో వైకల్యం. ఇంట్లో మాకు తెలిసినంతవరకు ఏ పనికైనా ఆమెకు కొంచెం ఎక్కువ వ్యవధి కావాలి, అంతే. 2019లో విడుదలైన ‘జెర్సీ’ చిత్రం ఆమెకు ప్రాణం. జట్టుకు ఎంపికైన నాని రైల్వే స్టేషన్‌లో రైలు హోరు చాటున ఆనందంతో కేకలు వేసే ఘట్టం రాగానే తానూ గొంతెత్తి అరిచేది.

ఒకనాడు “మావయ్యా, నాలాంటి అమ్మాయి కథ ఏదైనా ఉందా?” అని అడిగింది.

నేను ఉత్సాహంగా జీవాంజి దీప్తి సంగతి చెప్పాను. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు పిల్ల. చిన్ననాట మేధో వైకల్యం కారణంగా ఊరివారి ఎగతాళికి గురైనది. 2024 మే నెలలో జపానులోని కోబేలో టి20 విభాగపు 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

పిల్ల ఓపికగా విన్నది. “అది పరుగు కథ కదా. నేనడిగింది ప్రేమ కథ” అన్నది.

నాకు వెంటనే ఏదీ తోచలేదు. ‘జెర్సీ’లో నాయకునిది గుండె జబ్బు; దానిని ప్రేమ కథ నిస్సంకోచంగా తనలో ఇముడ్చుకున్నది. క్రీడ కాకపోయినా దానికి దగ్గరిదైన నృత్యం ఇతివృత్తంగా సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘మయూరి’లో, సుధా చంద్రన్ తన జీవితగాథను తానే అభినయించింది. అందులో కాలు పోగానే ప్రేమించినవాడు దూరమవుతాడు. కృత్రిమ పాదంతో ఆమె తిరిగి నర్తించడం చూసి ప్రేక్షకలోకం కంటతడి పెట్టింది. 2025లో హిందీలో వచ్చిన ‘సితారే జమీన్ పర్’లో బాస్కెట్‌బాల్ జట్టుగా కనిపించే పదిమందీ నిజజీవితంలోనూ అటువంటివారే. అది హర్షణీయం. కాని కథకు కేంద్రమైన దాంపత్యం వారి శిక్షకునిది. బుద్ధి వేరుగా నడిచే మనిషికి మన కథకులు పతకమిస్తారు, చప్పట్లిస్తారు; ఆమె ఎవరికోసమైనా ఎదురుచూస్తుందని ఊహించడానికి మాత్రం జంకుతారు. క్రీడారంగం కూడా ఒకప్పుడు జంకింది. 2000లో సిడ్నీలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు వైకల్యం లేనివారిని ఆడించి మోసగించిన నేరానికి, మేధో వైకల్యం గల క్రీడాకారులందరికీ 2012 లండన్ క్రీడల వరకు పారాలింపిక్స్ తలుపులు మూసివేశారు.

కథకులను నిందించే అర్హత నాకున్నదా అన్నది వేరే మాట. వికలాంగుల పింఛను దరఖాస్తులు నా బల్లమీదికి వస్తుంటాయి. మేధో వైకల్యం అని ఉన్నచోట, వైవాహిక స్థితి గడిలో ‘అవివాహిత’ అని గుమాస్తా అడగకుండానే నింపడం ఎన్నోసార్లు చూశాను. చూసీ సంతకం చేశాను.

పిల్ల ఊరికి వెళ్ళిన వారానికి ఒక గ్రామీణ యువతి తల్లితో వచ్చింది. ఆ గడి దగ్గర ఆగి, తల్లిని కాక ఆ యువతినే అడిగాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వి, హిందీలో “ఇంకా కాలేదు” అన్నది.