తాతగారి కీర్తనల పుస్తకం

మా తాతగారు తొంభై రెండేళ్ళు నిండుగా జీవించారు. ఒంగోలు దగ్గర పల్లెలో బడిపంతులు. రిటైరయ్యాక కూడా తెల్లవారుజామున నాలుగింటికే లేచి ప్రార్థనలో కూర్చునేవారు. ప్రార్థన కాకుండా మమ్మల్ని ముద్ద ముట్టనిచ్చేవారు కాదు. సంక్రాంతికి కరణంగారింటి అరిసెలు మాకు, క్రిస్మస్‌కు మా ఇంటి అరిసెలు వారికి ఏటేటా తప్పకుండా వెళ్ళేవి.

బైబిలు తర్వాత ఆయనకు ప్రాణం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. అందులోనూ పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలంటే మరీ ఇష్టం. చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 వరకు జీవించిన భక్తుడు. "దేవుణ్ణి మన రాగాల్లో, మన తాళాల్లో పిలవటం నేర్పిన మహానుభావుడురా" అనేవారు తాతగారు. చివరి రోజుల్లో మా పేర్లు మరిచిపోయారు గాని, కీర్తనల్లో ఒక్క చరణం కూడా మరిచిపోలేదు.

ఇక్కడ జెద్దాలో చర్చి లేదు. శుక్రవారం ఇంట్లోనే కూర్చుని పాడుకుంటాం. పిల్లలకు వరస బాగానే పట్టుబడింది. కాని అక్షరాలు రాక ఆ పాటల్ని ఇంగ్లీషు లిపిలో వ్రాసుకుంటున్నారు. తాతగారి పుస్తకం వాళ్ళ చేతిలో ఉన్నా చదవలేరు!

అందుకే ఈ ఉగాది నుండి ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నాము. పోతన పద్యం చదవాలన్నా, చౌదరిగారి కీర్తన చదవాలన్నా కావలసినవి ఆ అక్షరాలే కదా! ఏ మతంవారైనా సరే, మీ పిల్లల్ని తప్పక పంపండి. పలకలు మేమే ఇస్తాం.