నాలుగు మాత్రల పాట

ప్రోజాక్ ప్లస్. అది బ్యాండ్ పేరే. మందుల షాపులో అడిగితే "చీటీ ఉందా?" అని అడిగే పేరు. దాని చివర ఒక కూడిక గుర్తు తగిలించి, ఇటలీ ఈశాన్య మూలన పోర్దెనోనె అనే చిన్న ఊళ్లో 1995లో ముగ్గురు కలిసి పాటలు మొదలుపెట్టారు. మూడేళ్లు తిరిగేసరికి వాళ్ల పాట దేశమంతా మోగింది. ఇంకో పదేళ్లు గడిచేసరికి ఆ జోరు ముగిసిపోయి, ముగ్గురిలో ఇద్దరు వేరే పేరుతో వేరే బ్యాండ్ నడుపుతున్నారు. పాప్ సంగీతంలో ఇలా లేచి పడినవాళ్లు బోలెడుమంది. వీళ్ల గురించే ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో నోరు తెరిచి చెప్పలేని ఒక పేరుని వీళ్లు గిటార్ పెట్టి అరిచారు. ఆ అరుపు నాకు చాలా పనికొచ్చింది.

ముందు ఊరి సంగతి. పోర్దెనోనె జనాభా యాభై వేల పైచిలుకు. దాని పక్కన పారే నోంచెల్లో నది పాత పేరు నావొన్. నావొన్ రేవు అన్న లాటిన్ మాటే నలిగి నలిగి ఊరి పేరైంది. ఒకప్పుడు నూలు మిల్లుల ఊరు. తర్వాత పొయ్యిలూ ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ చేసే జనుస్సి కంపెనీ ఊరు; అది 1916లో ఇక్కడే పుట్టింది. కాస్త దూరంలో అవియానోలో అమెరికన్ వైమానిక స్థావరం. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో యుగోస్లావియా సరిహద్దు దగ్గరని ఈ ఫ్రియులి ప్రాంతమంతా సైనికుల బ్యారక్‌లతో నింపేశారు. 1976లో వచ్చిన భూకంపంలో ఫ్రియులిలో దాదాపు వెయ్యిమంది చనిపోయారు. ఫ్యాక్టరీ, సైన్యం, కూలిన ఇళ్లు. ఇలాంటిచోట పదహారేళ్ల పిల్లలు సాయంత్రం పూట ఏం చేస్తారు?

వీళ్లు ఏకంగా ఒక దేశాన్నే కల్పించుకున్నారు. డెబ్బైల చివర్లో లండన్ పంక్ గాలి సోకిన ఈ ఊరి కుర్రాళ్లు తమ గుంపుకి 'గ్రేట్ కొంప్లోత్తో' అని పేరు పెట్టుకున్నారు. సగం ఇంగ్లిష్, సగం ఇటాలియన్. గొప్ప కుట్ర అని అర్థం. నది పాత పేరు తీసుకుని నావొన్ అనే ఊహా రాజ్యానికి తామే పౌరులమన్నారు. 1980లో ఊరి బ్యాండ్‌లన్నీ కలిసి ఒక రికార్డు కూడా వేశాయి. మిలాన్ వైపో రోమ్ వైపో చూస్తూ కూర్చోకుండా, మా సందే మా రాజధాని అనుకున్న ధైర్యం అది. ఆ గుంపులోని ఫుతూరిత్మి అనే బ్యాండ్‌లో పనిచేసిన ఇద్దరు తర్వాత బాగా పేరు తెచ్చుకున్నారు. దావిదే తొఫ్ఫోలో బొమ్మల కథలు గీస్తూనే, పుర్రె మాస్కులు పెట్టుకుని పాడే 'త్రె అల్లెగ్రి రగాత్సి మోర్తి' బ్యాండ్ పెట్టాడు. ఆ పేరుకి చచ్చిపోయిన ముగ్గురు హుషారు కుర్రాళ్లు అని అర్థం. రెండోవాడు జాన్ మరీయా అక్కుసానీ. ప్రోజాక్ ప్లస్ పాటలు రాసిందీ గిటార్ వాయించిందీ అతనే. ఎవా పోలెస్ పాడింది. ఎలిసబెత్తా ఇమేలియో బేస్ వాయించింది. డ్రమ్స్ దగ్గర మాత్రం మనుషులు మారుతూ వచ్చారు.

వాళ్ల టైమింగ్ కూడా కలిసొచ్చింది. 1994లో అమెరికాలో గ్రీన్ డే, ఆఫ్‌స్ప్రింగ్ ఆల్బమ్‌లు లక్షల్లో అమ్ముడుపోయి, మూడు కార్డ్‌ల పంక్‌కి మళ్లీ గిరాకీ వచ్చింది. అదే ఏడాది ఎలిజబెత్ వర్ట్‌జెల్ ఆత్మకథ 'ప్రోజాక్ నేషన్' వచ్చింది. అమెరికా ప్రభుత్వం ఆ మందుకి అనుమతిచ్చింది 1987 చివర్లో. 1990 కల్లా దాని క్యాప్సూల్ బొమ్మ న్యూస్‌వీక్ ముఖచిత్రం మీదికెక్కింది. అంటే ఆ బ్యాండ్ పుట్టేనాటికి ప్రోజాక్ అనేది మందు పేరుగా ఉంటూనే కాలం పేరుగా కూడా మారిపోయింది. మిలాన్‌లోని వోక్స్ పోప్ అనే చిన్న లేబుల్ 1996లో వీళ్ల మొదటి ఆల్బమ్ 'తెస్తా ప్లాస్తికా' తెచ్చింది. ప్లాస్టిక్ తల అని అర్థం. అందులో ఒక పాట పేరు 'పాస్తిల్యె'. మాత్రలు, అంతే. చాటుమాటు ఏమీ లేదు.

ఆ తర్వాత పెద్ద కంపెనీ ఈఎంఐ చేరదీసింది. 1998లో 'ఆచిదో ఆచిద' ఆల్బమ్, అందులో 'ఆచిద' పాట వచ్చాయి. ఎమ్‌టీవీ ఇటలీలో అడుగుపెట్టి అప్పటికి ఏడాది కూడా దాటలేదేమో, కుర్రకారు టీవీ ముందు కూర్చుని కొత్త ముఖాల కోసం ఎదురుచూస్తున్న రోజులు. ఇటాలియన్‌లో ఆచిద అంటే పుల్లనిది, ఆమ్లం లాంటిది. చురకలేసే ఆడమనిషిని కూడా అలా అంటారు. మన పుల్లవిరుపు మాటల మనిషన్నమాట; మన పుల్ల వేరే పుల్లయినా భావం అదే. ఆమ్లం అనగానే మత్తుమందు కూడా గుర్తొస్తుంది కాబట్టి పెద్దవాళ్లు కనుబొమలు ఎగరేయడంలో వింతేమీ లేదు.

ఆ మాటలోని కిటుకు నాకు కాస్త ఆలస్యంగా తట్టింది. ఇటాలియన్‌లో రాక్ పాట రాయడం ఇబ్బందని అక్కడి పాటగాళ్లు తరతరాలుగా మొత్తుకుంటున్నారు. ఇంగ్లిష్ మాట హల్లుతో టక్కున ఆగిపోతుంది, డ్రమ్ దెబ్బకి సరిగ్గా సరిపోతుంది. ఇటాలియన్ మాట మన తెలుగు మాటలాగే అచ్చుతో సాగుతూ పోతుంది. మరి దెబ్బ ఎక్కడ వేయాలి? 'ఆచిద'లో దెబ్బ మొదటి అక్షరం మీదే పడుతుంది, మిగతా రెండూ జారిపోతాయి. ఒక గురువు, రెండు లఘువులు. మన లెక్కలో భగణం. నాలుగు మాత్రలు. స్కూల్లో గణవిభజన చేయించిన తెలుగు మాస్టారు వింటే నవ్వేవారేమోగానీ, ఒక పంక్ పాట పల్లవికి ఇంతకన్నా సరిపడే మాట దొరకదు. అక్కుసానీ దాన్ని మార్చలేదు, పొడిగించలేదు. తిప్పి తిప్పి అదే మాట.

మాత్ర అన్న మాటకి తెలుగులో రెండర్థాలు ఉండటం నా అదృష్టం. రెండో అర్థంలోని మాత్రతో నాకు పరిచయమైంది ఇరవై ఆరో ఏట.

హైదరాబాద్‌లో ఉద్యోగం, నిద్ర లేకపోవడం, ఆదివారం మధ్యాహ్నం పూట కారణం లేకుండా ఏడుపు. డాక్టర్ ఫ్లూయాక్సెటిన్ రాసింది. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పింది. ఆ వారాల్లో రాత్రిళ్లు ఫోన్‌లో మందు గురించి వెతుకుతుంటే దాని తొలి బ్రాండ్ పేరు ప్రోజాక్ అని తెలిసింది. ఆ పేరుతో వెతికితే దుష్ప్రభావాల పట్టికల మధ్య ఒక పాట వీడియో వచ్చింది. అలా దొరికారు వీళ్లు నాకు. సంగీతాభిరుచి పుణ్యమేమీ లేదు ఇందులో.

మా ఇంట్లో మాత్రలంటే సిగ్గు లేదు. నాన్న బీపీ మాత్రలు భోజనాల బల్ల మీద స్టీలు డబ్బాలో ఉంటాయి. పెళ్లిళ్లలో పిన్నీ, పెద్దమ్మా లడ్డూ కొరికే ముందు షుగర్ మాత్రల పవర్లు పోల్చుకుంటారు. మోకాళ్ల నొప్పుల మందు ఏది మంచిదో వాట్సాప్ గ్రూపులో రోజూ చర్చే. నా స్ట్రిప్ మాత్రం కళ్లజోడు డబ్బాలో ఉండేది. పండక్కి ఇంటికెళ్లినప్పుడు అమ్మ చూసింది.

"ఏమిటే ఇవి?"

"మనసు బాగుండటానికమ్మా."

కాసేపు స్ట్రిప్‌ని వెనక్కీ ముందుకీ తిప్పింది. కోప్పడలేదు. లోపలికి వెళ్లి, తిరిగొచ్చి మెల్లగా అంది: "వేసుకో. కానీ ఎవరి దగ్గరా అనకు. సంబంధాలు చూస్తున్నాం కదా."

అమ్మని తప్పుపట్టను. లోకం తీరు ఆమెకి నాకన్నా బాగా తెలుసు. కానీ నోరు మూసుకుని వేసుకునే మాత్ర ఇంకోలా దిగుతుంది. బీపీ మాత్ర వేసుకునే మనిషికి బీపీ ఉంటుంది. ఈ మాత్ర వేసుకునే మనిషి మనిషిగానే వేరైపోతుంది. మన సినిమా పాటల్లో మందు బాటిల్ మీద ఎన్ని పాటలు! ప్రేమ విఫలమైతే తాగి పాడొచ్చు, ఊరంతా కలిసి ఊగొచ్చు. డాక్టర్ చీటీ మీద కొన్న మాత్ర గురించి ఒక్క పల్లవి గుర్తు చేసుకోండి చూద్దాం.

అందుకే ప్రోజాక్ ప్లస్ నాకు అంత నచ్చింది. చైతన్యం కలిగించాలని వాళ్లు పాడలేదు. మీరు ఒంటరి కాదు, సహాయం అడగండి లాంటి మాటలు ఎక్కడా లేవు. ఓదార్పూ లేదు, హెచ్చరికా లేదు. ఎవా పోలెస్ గొంతు వింటే ముందు కాస్త నిరాశగా ఉంటుంది. ఎత్తుపల్లాలు లేని, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టుండే గొంతు. వెనక గిటార్ మాత్రం పరుగో పరుగు. మందు మొదలుపెట్టిన కొత్తలో నా లోపల కూడా సరిగ్గా అలాగే ఉండేది. చుట్టూ లోకం అదే వేగంతో పరిగెడుతుంటే, నా గొంతు మాత్రం ఒకే శ్రుతిలో నిలబడిపోయేది. డాక్టర్‌కి ఎంత వివరించినా రాని మాట ఆ పాటలో భాష తెలియకుండానే అర్థమైంది. పైగా దానికి గెంతొచ్చు. నేను గెంతాను కూడా, అద్దె గదిలో, కింద ఇంటి అంకుల్ ఫ్యాన్ కొట్టుకుంటోందా అని అడిగేదాకా.

తర్వాతోసారి అమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడు వంటింట్లో స్పీకర్ మీద అదే పాట. "ఒకటే మాట అంటోందేమిటే ఆ పిల్ల? ఇంకేం రాదా?" అంది. బ్యాండ్ పేరేమిటో చెప్పాను. నా మందు పేరే అని కూడా చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతూ ఆగింది. "పేరు పెట్టుకుని మరీ పాడుతున్నారా?" అంది. ఆ గొంతులో ఆశ్చర్యం ఉంది, కాస్త మెచ్చుకోలు కూడా ఉందని నా నమ్మకం. సంబంధాల సంగతి మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు. వచ్చేవాళ్లకి ముందే చెప్పాలని నేను, తర్వాత చెప్పొచ్చని తను.

బ్యాండ్ కథకి వస్తే, శిఖరం మీద ఎక్కువ కాలం ఉండలేదు. 2000లోనూ 2002లోనూ 2004లోనూ ఆల్బమ్‌లు వచ్చాయి. 'ఆచిద' అంత పాట మళ్లీ రాలేదు. ఎవా తర్వాత సొంతంగా పాడుకుంది. అక్కుసానీ, ఎలిసబెత్తా కలిసి సిక్ తంబూరో అని ఇంకో బ్యాండ్ మొదలుపెట్టారు. తంబూరో అంటే వాళ్ల భాషలో డ్రమ్. జబ్బుపడ్డ డ్రమ్ అన్నమాట. 2009లో మొదటి ఆల్బమ్ వచ్చింది. ఈసారి ఇద్దరూ ముఖాలు కనబడకుండా ఉన్ని ముసుగులు తొడుక్కుని వేదిక ఎక్కారు. దేశమంతా గుర్తుపట్టే ముఖాలు అవి. వాటిని దాచేసుకుని, పాటని మాత్రం ఎదురుగా పెట్టారు. వాళ్ల కారణాలు వాళ్లవి. నాకు మాత్రం ఆ ముసుగు పిరికితనంలా కనిపించదు. ముఖం దాచుకుని నిజం చెప్పడం ఒక పద్ధతి. ముఖం చూపిస్తూ నిజం దాచడం మనకి అలవాటైన పద్ధతి.

తర్వాత ఎలిసబెత్తాకి క్యాన్సర్ వచ్చింది. ఆ రోజుల్లోంచి సిక్ తంబూరో ఒక పాట చేసింది. దాని పేరు 'లా ఫీనె దెల్లా కేమియో'. కీమో ముగింపు అని అర్థం. మళ్లీ అదే పని చూడండి: ఆసుపత్రి మాటని తీసుకొచ్చి, మెత్తబరచకుండా, నేరుగా పాట పేరుగా పెట్టడం. ఇరవై ఏళ్ల కిందట అది కుర్రతనం, రెచ్చగొట్టడం అనుకున్నవాళ్లు ఉండొచ్చు. పక్కన బేస్ వాయించే స్నేహితురాలి గురించి రాసినప్పుడు ఇక అలా అనుకోలేం. తర్వాత ఆ పాటని జొవనొత్తి, ఎలీసా లాంటి ఇటలీ పెద్ద గాయకులు కూడా వచ్చి కలిసి పాడారు. చిన్న ఊరి మాట మళ్లీ దేశం నోటికెక్కింది.

ఎలిసబెత్తా 2020 ఫిబ్రవరి 29న చనిపోయింది. అప్పటికి ఉత్తర ఇటలీలో కరోనా మొదలైపోయింది, ఇంకొన్ని రోజుల్లో దేశమంతా తలుపులు మూసుకుంది. అక్కుసానీ సిక్ తంబూరోని ఆపలేదు.

2027కి పోర్దెనోనెని ఇటలీ సాంస్కృతిక రాజధానిగా ఎంచుకున్నారు. ఒకప్పుడు కుర్రాళ్లు నావొన్ అని కల్పించుకున్న రాజధానికి ఇప్పుడు ప్రభుత్వ ముద్ర పడుతోంది. 1982లో అక్కడ మొదలైన మూకీ సినిమాల పండగ ఉంటుంది, పుస్తకాల పండగ ఉంటుంది. మీరు వెళ్తారో లేదో గానీ, ఈ రాత్రి 'ఆచిద' ఒకసారి వినండి. మొదటిసారి ఎవా గొంతు వినండి, అందరూ వినేది అదే. రెండోసారి దాన్ని వదిలేసి కింద నడిచే బేస్ వినండి. పాట ఎంత పరుగెత్తినా అది తడబడదు. ఆ వాయించేది ఎలిసబెత్తా.