ఇంజను ఆపిన వేళ

మాల్వణ్ రేవునుండి యాత్రికులను పడవలో తీసుకుపోయి డాల్ఫిన్లను చూపడం నా వృత్తి. రాళ్ల నడుమ దారి తెలియాలి. 1987లో ఇక్కడి సముద్రభాగాన్ని అభయారణ్యమన్నారు; నీటికి అరణ్యమనే పేరేమిటో!

ఒకనాటి ఉదయం పిల్లతో తల్లి డాల్ఫిన్ కనిపించినది. రెండు పడవలు అప్పటికే తరుముతున్నవి. “దగ్గరికి పోనీయవోయ్, డబ్బిచ్చాము గదా!” అన్నారు నా పడవలోనివారు. నిరుడైతే నేనూ తరిమేవాణ్ణే. వాటికి చూపుకంటె వినికిడే ముఖ్యం. ఇంజను రొదలో పిల్లకు తల్లి పిలుపు సరిగా వినబడదు.

ఇంజను ఆపివేసినాను. తల్లి మునిగినది, దాని ప్రక్కనే పిల్లయు. మరల మాకు కనబడలేదు.

గట్టున ఒకాయన సగం పైకమే చేతిలో పెట్టినాడు. పుచ్చుకున్నాను. డీజిలు బాకీ ఉన్నది.