తల తిరుగుతున్నా వ్యాయామం

"బరువు తగ్గు, తల తిరగడం అదే పోతుంది" అనేవాళ్లకి ఒక మాట. ఏళ్ల తరబడి తల తిరుగుడుతో ఉన్న మనిషికి ఒళ్లు కదపాలని లేక కాదు. వంగి షూ లేసు కట్టుకుని లేచేసరికి గదంతా ఊగుతుంది. సూర్యనమస్కారాల్లో తల కిందికి వంచిన ప్రతిసారీ భయమే. ట్రెడ్‌మిల్ దిగాక కూడా కాళ్ల కింద నేల నడుస్తూనే ఉంటుంది. పైగా మైగ్రేన్ వెర్టిగోకి రాసే ఫ్లునారిజిన్ లాంటి మందులతో బరువు పెరగొచ్చు. దీన్ని బద్ధకం అనకండి, దయచేసి.

నాకు దారి చూపింది మా ఫిజియోథెరపిస్టు. లోపలి చెవి దెబ్బతింటే మెదడు కొత్తగా సర్దుకోవాలి, అందుకు ఇబ్బంది పెట్టే కదలికలనే కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. కాథోర్న్, కుక్సీ అనే బ్రిటిష్ వైద్యులు 1940లలోనే ఇందుకు వ్యాయామాలు రూపొందించారు: ముందు కళ్లు, తర్వాత తల, ఆపైన కూర్చుని లేవడం, నడక. భయపడి మంచానికే అతుక్కుపోతే ఆ సర్దుబాటు ఇంకా ఆలస్యమవుతుంది.

ఇప్పుడు నాకు వీపు ఆనించి తొక్కే సైకిలు, గోడ పక్కన నడక, కుర్చీ పట్టుకుని గుంజీలు. రాత్రి అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాను. ఉపవాసాల జోలికి మాత్రం పోను, ఆకలేస్తే నాకు తూలడం ఎక్కువవుతుంది. బరువు నెమ్మదిగానే తగ్గుతోంది, తగ్గనీ.

మీకూ ఇలా ఉంటే ముందు డాక్టరుకి చూపించి కారణం తెలుసుకోండి. అందరి తల తిరుగుడూ ఒకటి కాదు. మీకు ఏ వ్యాయామం పడిందో కింద రాయండి.