చతుశ్చక్రచోదనం

2016లో శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం ప్రారంభమైన నాటి నుండి మా మేనల్లుడికి వీ-క్రాస్ పికప్ బండి ధ్యానమే. పాడేరు మన్యంలో అతనికి కాఫీ తోట ఉంది. వానాకాలంలో ఆ బురదదారిన జీపులు కొండ కిందనే ఆగిపోతాయి. పైనున్న రోగులను డోలీలో దింపవలసిందే. ఆ ఏడు అతని ఇల్లాలికి నెలలు నిండుతున్నాయి.

"కాఫీ బస్తాలకు తొట్టి, మనుషులకు అయిదు సీట్లు. నాలుగు చక్రాలూ లాగుతాయి మామయ్యా!" అనేవాడు. దానికి చతుశ్చక్రచోదనమని నామకరణం చేశాను. (విసర్గసంధి వివరించబోతే లేచి వెళ్ళిపోయాడు, అది వేరే సంగతి.)

మామూలు రోడ్డుకు వెనుక చక్రాలు చాలునట. మీట 'ఫోర్ ఎల్'కు తిప్పితే వేగం తగ్గి, లాగే బలం హెచ్చుతుంది. పొడి తారురోడ్డుపై మాత్రం నాలుగింటినీ కలపరాదు. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు సమానదూరం తిరగవు. బలవంతాన కలిపితే ఇరుసులు పెనుగులాడతాయి.

శ్రావణంలో బండి వచ్చింది. భాద్రపదంలో ఒక వానరాత్రి, మనిషి నడకకన్నా మెల్లగా, ఆ అమ్మాయిని కొండ దింపాడు. డోలీ మోసేవారిద్దరూ లాంతర్లతో దారి చూపుతూ ముందు నడిచారు.