రాబోయే నెలల్లో మనూళ్లో

సెప్టెంబర్ 21 గురజాడ పుట్టినరోజు. ఆయన నాటకం 'కన్యాశుల్కం' విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో. ఈసారి విగ్రహానికి దండేసి ఇళ్లకు వెళ్లిపోకుండా, ఒక్క అంకమైనా హైస్కూల్ ఆడపిల్లల చేత ఆడించండి. చిన్న వయసు పెళ్లిళ్లు మన పల్లెల్లో ఇంకా ఆగలేదు కదా!

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. ముందురోజు తొలేళ్లు. ఆకాశంలోకి లేచిన ఆ చింతమాను చివర కూర్చున్న పూజారినే అందరం చూస్తాం. ఈసారి కాస్త కిందకీ చూడండి. గుండెకు గుల్ల కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, గజ్జెలతో గంటల తరబడి ఎగిరే తప్పెటగుళ్లవాళ్లు చెమటతో తడిసి ముద్దయిపోయి ఉంటారు. ఉత్సవాలకి వాళ్లని పిలిచే ప్రతి కమిటీ ముందుగానే పారితోషికం మాట్లాడుకోవాలి. భోజనం పెట్టి శాలువా కప్పితే సరిపోదు.

నవంబర్ 9 కథకుడు కారా మాస్టారి పుట్టినరోజు. శ్రీకాకుళంలో ఆయన 1997లో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం కథానిలయానికి పిల్లల్ని తీసుకెళ్లండి. పాత పత్రికల అట్టలు ముట్టుకోనివ్వండి. ఫిబ్రవరిలో అక్కడ వార్షికోత్సవం జరుగుతుంది, రచయితలు వస్తారు.

అదే ఫిబ్రవరిలో 28న కాకరాపల్లి కాల్పులు జరిగిన రోజు. థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2011లో అక్కడి జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. అంతకుముందు ఏడాది జులై 14న సోంపేటలోనూ అంతే. బీల అనే ఆ చిత్తడి నేలని, ఆ నీళ్లని కాపాడుకున్నది ఆ రైతులూ మత్స్యకారులే. సాహిత్య సభకి వచ్చేవాళ్లం అక్కడికీ వెళ్లాలి. శ్రీకాకుళం నుంచి బయల్దేరేవాళ్లుంటే చెప్పండి, నేనూ వస్తాను.